ఓవర్‌ఛార్జ్‌కు ఒక సొంత వాక్యం

చర్ల అవతల ఒక అడవి ఊరి బడిలో ఇంగ్లిష్ టీచరుగా చేరి ఇది రెండో ఏడు. పొద్దున బస్సు ఉంది, సాయంత్రం లేదు. బడి వదిలాక చర్లలోని నా అద్దె గదికి ఆటోలోనే రావాలి. ఆ రోడ్డు మీద దొరికేది ఒకటే ఆటో. డ్రైవరుకు దాదాపు నా ఈడే.

మొదటి రోజే నన్ను చూసి, "ఎవ్వరు లేరు మేడం, స్పెషలే పోవాలె" అన్నాడు. వెనక నలుగురు సంచులతో నిలబడే ఉన్నారు. మళ్లీ వస్తానని వాళ్లకు సైగ చేశాడు. షేర్ ఆటోకు ఇచ్చేదానికి అయిదారింతలు తీసుకున్నాడు. నాకు కళ్లు లేవనుకున్నాడు కాబోలు. మా ఊరు బోనకల్‌లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా గీచిగీచి బేరమాడే మనిషిని, నోరు మూసుకుని ఇచ్చాను.

ఎందుకంటే దారంతా అతను మాట్లాడాడు. "తిన్నరా మేడం? ఏం కూర?" అని మొదలుపెట్టి పోడు చేను, పడని వాన, పోలీసు క్యాంపు దగ్గర బండి ఆపి అడిగే ప్రశ్నలు, అన్నీ చెప్పాడు. అమ్మ పోయాక ఏం కూర అని నన్ను అడిగినవాళ్లు లేరు. పెళ్లి చేసుకోకపోవడం నా ఇష్టమే, దానికి చింత లేదు. కానీ గది తాళం తీశాక మర్నాడు బడికి వెళ్లేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. అది మాత్రం భరించలేకపోయేదాన్ని. అందుకే రోజూ స్పెషలే ఎక్కాను. జీతమంతా ఆటోకే పోస్తున్నావా అని తోటి టీచరు ఎగతాళి చేసింది.

ఈ ఏడు ఎనిమిదో తరగతి పాఠంలో 'ఓవర్‌ఛార్జ్' అనే క్రియ వచ్చింది. తీసుకోవాల్సిన దానికంటే ఎక్కువ తీసుకోవడం అని చెప్పాను. దొంగతనం కాదు, ఇచ్చేవాళ్లు తమ చేత్తోనే ఇస్తారు అన్నాను. పర్ణశాల గుడి దగ్గర కొబ్బరికాయల ధర గుర్తు చేస్తే పిల్లలకు ఇట్టే అర్థమైంది. సొంత వాక్యాలు చెప్పమంటే అందరూ కొబ్బరికాయల మీదే చెప్పారు. చివర్లో, అదే క్లాసులో చదివే మా ఆటో డ్రైవరు కూతురు లేచింది.

"మై ఫాదర్ ఓవర్‌ఛార్జెస్ అవర్ మేడం" అంది.

క్లాసంతా గొల్లుమంది. పిల్ల ముఖంలో కొంటెతనమేమీ లేదు. సొంత వాక్యం అడిగాను, నిజంగా సొంతదే తెచ్చింది.

"కరెక్టేనా మేడం?"

"కరెక్టే, కూర్చో" అన్నాను.

మేడం కరెక్టన్నదని మురిసిపోయి, ఆ వాక్యాన్ని అర్థంతో సహా ఇంట్లో అప్పజెప్పిందట. మర్నాడు సాయంత్రం అతను నా ముఖం చూడలేదు. "ఎక్కున్రి, జల్దీ" అని అందరినీ పిలిచాడు. ఎవరిదో బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని, ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని చర్ల చేరాను. నోటిస్తే చిల్లర తిరిగిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

వారం తర్వాత వాన పట్టుకుంది. ఆ సాయంత్రం నిజంగానే ఎవరూ లేరు. నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా ఎక్కి కూర్చుని, "స్పెషల్ పోదాం అన్నా, నువ్వెంతంటే అంత" అన్నాను.

"వద్దు మేడం. మా బిడ్డ మీ కాడ సదువుతాంది." ఇంజను ఆపేశాడు. "ఇంకో నలుగురిని రానియ్యున్రి. మీకు ఎక్కువ పడొద్దు."

ఎవరూ రాలేదు. చాలాసేపు అట్లాగే కూర్చున్నాం, అతను ముందు, నేను వెనక. ఈ వాన చేనుకు మంచిదేనా అని అడిగాను. నాట్లకు మనుషులు దొరికారా అని అడిగాను. దేనికైనా "అవ్ మేడం" అనే అన్నాడు, పిల్ల మార్కుల కోసం బడికి పిలిపించిన తండ్రిలాగా, చేతులు కట్టుకుని.