వహీద్ చేతి చీటీ

వహీద్‌తో పనిచేయడమంటే నా ప్రాణం మీదికొచ్చేది. ప్రతిదీ రెండుసార్లు చూస్తాడు, లేచి వెళ్ళి మళ్ళీ చూసొస్తాడు. కూర్చున్నంతసేపూ కాలు ఆడిస్తూనే ఉంటాడు. అందరి ముందూ అనుమానపు పక్షి అని వెక్కిరించేవాణ్ణి. నాకేమో ముక్కుమీద కోపం.

నల్గొండలో మాది ఊరూరి బోరింగుల నీళ్ళు పరీక్షించే చిన్న సంస్థ. ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే ఎముకలు వంగిపోతాయి. ఏ బోరింగు నీళ్ళు తాగొచ్చో, ఏవి తాగరాదో నాలుగేళ్ళు తిరిగి తేల్చాం. కాగితాలు చెదలు తినేశాయి. మూడు వందల ఊళ్ళ ఫలితాలు మిగిలింది ఒక్క కంప్యూటరులోనే. 1995 ఎండాకాలంలో దాని డిస్కు గరగరమనడం మొదలుపెట్టింది. అది చచ్చేలోపు అన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించాలి. ఆ పొద్దున మెకానిక్ వచ్చి కొత్తదాన్ని పాతదాని పక్కనే బిగించి వెళ్ళాడు.

రోజూ రెండింటికి కరెంటు పోతుంది. అప్పటికే పన్నెండు దాటింది. కాపీ చేసే ప్రోగ్రాం ముందు కొత్త డిస్కును పూర్తిగా తుడిచేస్తుంది. తుడిచే ముందు ఒక డిస్కు పేరు చూపి, అదేనని నమ్మకముంటే ఆ పేరు కొట్టమంటుంది. వహీద్ జేబులోంచి చీటీ తీశాడు. డిస్కుల మీద అంటించిన పేర్లు చూసి ముందే రాసుకున్నాడట. పాతది దేవరకొండ, కొత్తది మిర్యాల. తెర మీద దేవరకొండ అని ఉంది.

ఏ పేరైతే నాకేం? గడియారం చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది.

“ఆడ ఉన్న పేరే కొట్టు వహీద్. కరెంటు పోతది.”

“తెర చూసి కొడితే దానికదే సాక్ష్యం చెప్పుకున్నట్టయితది సార్. నేను కొట్ట.”

మిషను ఆపేసి డబ్బా విప్పడం మొదలుపెట్టాడు. రేపట్నుంచి రావద్దన్నాను. నిజంగానే అన్నాను. అయినా అతను స్క్రూలు విప్పడం ఆపలేదు. చూస్తే మెకానిక్ రెండు డిస్కుల తీగలూ తారుమారు చేసి పోయాడు. నేను చెప్పినట్టు కొట్టి ఉంటే తుడుచుకుపోయేది పాత డిస్కే. వహీద్ తీగలు మార్చి బిగించాక తెర మీద మిర్యాల అని వచ్చింది, చీటీతో సరిచూసుకుని అప్పుడు ఆ పేరు కొట్టాడు.

రెండింటికి పది నిమిషాలుందనగా కాపీ అయిపోయింది. ఈ పట్టుదల ఎక్కడిదని అప్పుడడిగాను. వహీద్ చిన్నప్పుడు వాళ్ళ ఊరికి ఎవరో వచ్చి బోరింగుల నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారట. సంచిలో తడిసి సీసాల చీటీలు ఊడిపోతే, ఆఫీసులో కూర్చుని జాబితా చూసి తోచినట్టు మళ్ళీ అంటించారట. అలా వాళ్ళ గల్లీ బోరింగుకు వేరేదాని ఫలితం వచ్చింది, మంచి నీళ్ళని పచ్చ రంగు పూశారు. అక్క అమీనా ఎనిమిదేళ్ళు ఆ నీళ్ళే తాగింది. ఇప్పుడు ఆమె మోకాళ్ళు చాపుకోలేదు.

నాకు సిగ్గేసింది. మర్నాడు తప్పు ఒప్పుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. అమీనా గడప దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఉంది. లేవలేక, నీళ్ళ చెంబును చేత్తో నా వైపు జరిపింది. చెంబు అందుకున్నాను. ఇవి ఏ బోరింగు నీళ్ళని నా నోరు ఊరుకోక అడిగేసింది.

ఆమె నవ్వింది.

“తాగుండ్రి సార్. మా తమ్ముడు మూడుసార్లు చూసిండు.”