మహానది దాటని బండి

రాయపూర్ మొత్తం మీద ఆటలాడే కంప్యూటర్‌ని సొంత చేతులతో కట్టిన మొట్టమొదటి రైలు డ్రైవర్ని నేనే. ఆ కంప్యూటర్ మీద మా ఆవిడ రాయపూర్ నుంచి పార్వతీపురం దాకా రైలు నడిపింది. ఒక్క సిగ్నల్ తప్పలేదు, ఒక్క నిమిషం లేటు లేదు.

ఈ మాట మా కాలనీలో రిటైరైనవాళ్లు కూర్చునే బెంచీ దగ్గర కొన్ని పదుల సార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ బండికి ఇంకో పెట్టె తగిలించేవాణ్ణి. చివరికి అది ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ అయి కూర్చుంది. ఇప్పుడు ఆ పెట్టెలు ఒక్కొక్కటే విప్పుతాను. డెబ్బై దాటినవాడికి అంత పొడుగు బండి లాగడం కష్టంగా ఉంది.

మొదటి పెట్టె: మొట్టమొదటి డ్రైవర్ని నేను కాదు. నాకన్నా ముందు ఎవరు కట్టుకున్నారో నాకేం తెలుసు? నేనేం కనుక్కోలేదు. డ్రైవర్ని మాత్రం నిజమే. గూడ్సు బండి. మా ఆవిడ తండ్రి పార్వతీపురానికి ఇవతల ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్. ఆవిడ ఆ గేటు పక్క క్వార్టర్లోనే పెరిగింది. ఆకుపచ్చ జెండా ఊపుతున్న ఆ పిల్లని ఇంజన్లోంచి చూసి మనసు పడ్డానని మా అమ్మాయికి చిన్నప్పుడు కథ చెప్పేవాణ్ణి. అదీ అబద్ధమే. మా పెద్దమ్మ కుదిర్చిన సంబంధం. కాకపోతే పెళ్లయ్యాక ఆ గేటు దాటినప్పుడల్లా, మామగారు ఉన్నన్నాళ్లూ, రెండుసార్లు హారన్ కొట్టేవాణ్ణి. అది నిజం.

మా ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. రాయపూర్ దాటి ఎక్కడికీ వెళ్లొద్దన్నారు డాక్టర్లు. అప్పుడే ఒకరోజు ఊళ్లోనే మోవాలో ఉండే మా అమ్మాయి వచ్చి ఫోన్లో ఒక వీడియో చూపించింది. రైలు నడిపే కంప్యూటర్ ఆట. ఎవరో పుణ్యాత్ముడు మన రాయపూర్ - విజయనగరం లైను మొత్తాన్ని స్టేషన్ స్టేషన్‌గా అందులో తయారుచేసి పెట్టాడు. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏటండీ, ఇందల మా గేటు కూడా ఉంటదా?" అంది.

"లైనంతా ఉన్నాక గేటు లేకుండా పోద్దా?" అన్నాను. చూడకుండానే.

"పుట్టిన కాణ్ణించి గేటు కాడ నిలబడి ఇంజను చూసినాను. ఒక్కపాలి ఇంజన్లోంచి గేటు చూడాల."

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగినవి తక్కువ. అందుకే అప్పటికప్పుడు మాటిచ్చేశాను. నువ్వే నడుపుతావు, నేను అసిస్టెంటుగా పక్కన కూర్చుంటాను అన్నాను.

మా ఇంట్లో కంప్యూటర్ ఉంది గానీ అది మా అమ్మాయి చదువుకునేటప్పుడు కొన్నది. ఆ ఆట దాంట్లో వేస్తే బొమ్మ కదలడానికే మొరాయించింది. కొత్తది కొనే స్తోమత లేదు, ఆస్పత్రే మా పెన్షన్ సగం తినేస్తోంది. అంచేత విడిభాగాలు చూసి కొని కడదామనుకున్నాను. నెల్లాళ్లు వీడియోలు చూశాను, నోట్సు రాసుకున్నాను. ప్రాసెసరు, మదర్‌బోర్డు సెకండ్‌హ్యాండ్‌వి చాలు, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం బలమైనది ఉండాలని తేల్చాను. ఇంజను బలంగా ఉంటే పెట్టెలు ఎలాంటివైనా కదుల్తాయని నా లెక్క.

శంకర్ నగర్‌లో ఒక చిన్న షాపుకి ముగ్గురం వెళ్లాం. అమ్మాయి కారు నడిపింది. మా ఆవిడ రానంటే నేనే బలవంతాన తీసుకెళ్లాను, తన కంప్యూటర్ తను చూసుకోవద్దా అని. షాపువాడు ఆవిడకి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. నేను కార్డుని ఎత్తి, తిప్పి, దాని ఫ్యాన్లని వేలితో తిప్పి చూసి, కట్నం దగ్గర పెళ్లికొడుకు తండ్రిలా బేరమాడాను. కార్డు కొన్నాను. సెకండ్‌హ్యాండే, కానీ మంచిది. డబ్బులన్నీ దానికే అయిపోయాయి.

ఇక మిగిలింది కరెంటు పెట్టె. ఎస్ఎంపీఎస్ అంటారు. గోడ నుంచి వచ్చిన కరెంటుని లోపలి భాగాలన్నిటికీ పంచేది అదే. మా పాత కంప్యూటర్లోది ఉంది కదా, బాగానే తిరుగుతోంది కదా, దాన్నే పీకి పెట్టాను. షెడ్డులో మాకదొక అలవాటు. మూలపడేసిన ఇంజన్లో ఏ భాగం బాగుంటే దాన్ని విప్పి నడిచే ఇంజనుకి తగిలిస్తాం. పైగా దాని మీద నాలుగు వందల యాభై వాట్లు అని ప్లేటు అంటించి ఉంది. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాడు ప్లేటు మీద రాసింది నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతాడు?

డయాలసిస్ మర్నాడు ఆవిడకి కాస్త ఓపిక ఉండేది. మధ్యాహ్నం భోజనం చేసి, జడ బిగించుకుని, డ్యూటీకి వెళ్తున్నట్టే వచ్చి కూర్చునేది. కీబోర్డు పక్కన ఒక చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు, ఒక రూపాయి బిళ్ల.

"నీళ్లెందుకు ఇక్కడ? షార్ట్ అయి చస్తాం!"

"మహానది వస్తది కదా. బిళ్ల వెయ్యొద్దా?"

రైలు నది దాటుతుంటే కిటికీలోంచి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకోవడం మావాళ్లందరి అలవాటు. నేను నవ్వాను. "డ్రైవరమ్మా, డ్రైవర్లు బిళ్లలు వెయ్యరు, ముందుకి చూస్తారు" అన్నాను. "మీరు ఎయ్యలేదు గనకే రిటైరయ్యేదాకా గూడ్సే తోలినారు" అంది.

రాయపూర్ నుంచి బండి తీసింది. ఆవిడ చేతులు వణికేవి కానీ బ్రేకు మాత్రం నాకంటే మెత్తగా వేసేది. ఆరంగ్ దాటింది. వంతెన ఎదురుగా వచ్చింది. ఎండలో నీళ్లు ఎలా తళతళలాడుతున్నాయో చెప్పలేను, ఆ కార్డు ఊరికే కొనలేదని నా ఛాతీ పొంగింది. ఆవిడ ఎడంచేత్తో బిళ్ల తీసి కళ్లకద్దుకుని గిన్నెలో వేసింది. టక్కుమని తెర నల్లబడింది. కంప్యూటర్ మొత్తం చచ్చింది.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. సరిగ్గా వంతెన మీద, సరిగ్గా బిళ్ల వేసే వేళకి.

ఇక్కడ నేను చేసిన పని మా రైలు డ్రైవర్లు మాత్రమే చెయ్యగలరు. ఇంజన్లో ఒక కాపలా యంత్రం ఉంటుంది. డ్రైవరు నిమిషం పాటు ఏ మీటా ముట్టుకోకపోతే, నిద్రపోయాడనుకుని అది తనంతట తనే బ్రేకులు వేసేస్తుంది. నేను ఆవిడతో అన్నాను: "చూశావా, చెయ్యి తీసేశావు. ఇది అసలు ఇంజన్లాగే తయారుచేశారు. డ్రైవరు చెయ్యి తీస్తే బండి ఊరుకోదు."

"నానే సేసినానా?" అంది ఆవిడ.

"మరెవరు, నేనా?"

డ్రైవరు చెయ్యి తీస్తే ఆగేది బండి, కంప్యూటర్ కాదు. ఆ మాత్రం నాకు తెలీదా? అయినా అన్నాను. ముందు మనిషిని అనుమానించు, తర్వాత యంత్రాన్ని అనుమానించు అని మాకు నేర్పారు. ఆ పాఠం ఇంట్లో కూడా వల్లించాను.

నాలుగోసారి ఆవిడ గిన్నె తేలేదు. వంతెన వచ్చేసరికి రెండు చేతులూ కీబోర్డుకి అతుక్కున్నట్టు పెట్టింది. పెదాలు మాత్రం కదిలాయి. తెర నల్లబడింది.

నేను పనిలో పడ్డాను. మెమరీ పట్టీలు పీకి, వాటి కొసల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాను. ప్రాసెసరు మీద వేడి లాగే పేస్టు మార్చాను. పక్క రేకు విప్పేసి ఇంట్లో కూలరు దాని మీదికి తిప్పాను, మే నెలలో మా ఇద్దరికీ చెమటలు కారుతుంటే కంప్యూటర్ మాత్రం చల్లగా కూర్చుంది. బొమ్మల మెరుపు తగ్గించాను. నీళ్లు నీలం దుప్పటిలా అయిపోయాయి. అప్పుడు మాత్రం వంతెన మీద రెండు స్తంభాలు ఎక్కువ వెళ్లి ఆగింది. ప్రతిసారీ ఆవిడ నా మొహంలోకి చూసేది. "ఈపాలి నాను ఏటీ ముట్టుకోనేదు" అనేది. నేను "ఊఁ" అనేవాణ్ణి. లేదు, నీ తప్పు కాదు అని ఒక్కసారీ అనలేదు.

వానలు మొదలయ్యాక ఆవిడ కుర్చీలోకి రావడం మానేసింది. ఓపిక లేదంది. "మీరు తోలండి, నాను పడుకుని వింటాను" అంది. డ్రైవరు లేకుండా అసిస్టెంటు బండి తియ్యకూడదు అని జోకు వేశాను. ఆ జోకుకి ఆవిడ నవ్వింది. దసరా దాకా ఆవిడ బతకలేదు.

రెండో పెట్టె, మూడో పెట్టె అని లెక్కపెట్టడం మర్చిపోయాను. ఏం చెప్పాలనుకున్నానంటే, మా ఆవిడ పార్వతీపురం చేరలేదు. మహానది కూడా దాటలేదు.

చాలా నెలల తర్వాత మా అమ్మాయి, "ఆ కంప్యూటర్ దుమ్ము పడుతోంది, వాడవు, అమ్మెయ్" అంది. అమ్మేముందు తుడుద్దామని విప్పాను. కరెంటు పెట్టె దగ్గర ముక్కు పెడితే కాలిన వాసన. పెట్టె మూత తీసి చూశాను. లోపల కెపాసిటర్ల తలలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. కార్డుకి కష్టం తక్కువ ఉన్నంతసేపూ పెట్టె ఎలాగో లాక్కొచ్చేది. నీళ్ల మెరుపు గియ్యాల్సి వచ్చినప్పుడు కార్డు గట్టిగా కరెంటు అడిగేది, ఇవ్వలేక పెట్టె చేతులెత్తేసేది. వంతెన మీద చెయ్యి ఎత్తింది మా ఆవిడ కాదు.

అదే షాపుకి వెళ్లి కొత్త పెట్టె తెచ్చి బిగించాను. అరగంట పని. కార్డు ఖరీదుతో పోలిస్తే అదొక లెక్కే కాదు.

ఆ మధ్యాహ్నం గిన్నెలో నీళ్లు పోసి, ఆవిడ బిళ్ల పక్కన పెట్టుకుని, నేనే బండి తీశాను. ఆరంగ్ దాటింది. వంతెన వచ్చింది. బొమ్మల మెరుపు పూర్తిగా పెంచే ఉంచాను. కావాలనే రెండు చేతులూ తీసేశాను. బిళ్ల కళ్లకద్దుకుని గిన్నెలో వేశాను. బండి ఆగలేదు. నీళ్లు తళతళలాడుతూనే ఉన్నాయి. ఒక్కొక్క స్తంభమూ వెనక్కి పోతూనే ఉంది. అంత పొడుగు వంతెన అని నాకు సర్వీసులో ఎప్పుడూ అనిపించలేదు. ఒక్కసారన్నా ఆగుతుందేమోనని చూశాను. ఆగుంటే బాగుండేది.

తర్వాత ఆపబుద్ధి కాలేదు. టిట్లాగఢ్, మునిగూడ, రాయగడ, మధ్యలో రెండు రోజులు తిన్నానో లేదో, పార్వతీపురం దగ్గరికి వచ్చాను. గేటు ఉండాల్సిన చోట బండి మెల్లగా చేశాను. గేటు లేదు. ఆ లైను తయారుచేసిన పుణ్యాత్ముడు ఇప్పటి లైను తయారుచేశాడు. నేను రిటైరయ్యాక అక్కడ గేటు తీసేసి పట్టాల కింద నుంచి రోడ్డు వేశారు, అదే పెట్టాడు. క్వార్టరూ లేదు. సిమెంటు గోడ. అయినా హారన్ రెండుసార్లు కొట్టాను.

అప్పట్నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నది ఇదే. పోనీలే, వచ్చినా చూడ్డానికి ఏం ఉంది? రాకపోవడమే మంచిదైంది. నేను పెట్టె విషయంలో తెలియక పొరపాటు చేశాను. షాపువాడు మంచివాడే గానీ మాటకారి కాదు, అమ్మి ఊరుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు ఆ పాత పెట్టె పనికిరాదని నాకు ముందే చెప్పి ఉంటే, ఆస్పత్రి మందులు ఆపేసైనా కొత్తది కొనేవాణ్ణి.

ఇక్కడి దాకా రాసి, తప్పులుంటే దిద్దమని మా అమ్మాయికిచ్చాను. వంటింట్లో నిలబడే చదివింది. చదువుతూ ఒకచోట కళ్లు తుడుచుకుంది. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. కాగితాలు బల్ల మీద పెట్టి ఇలా అంది:

"బస్, ఇక చాలు నాన్నా. ఆ షాపాయన నీకు మూడుసార్లు చెప్పాడు. 'అంకల్‌జీ, కార్డు చిన్నది తీసుకోండి, పర్లేదు, ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తది వెయ్యండి, లేకపోతే ఆట మధ్యలో బంద్ అయిపోద్ది' అని. నేను పక్కనే ఉన్నాను. ముప్పై నాలుగేళ్లు ఇంజన్లు నడిపాను, నాకు కరెంటు గురించి చెప్తావా అని నువ్వు అందరి ముందూ అరిచావు. అమ్మ ఆ స్టూలు మీదే కూర్చుని ఉంది. మొత్తం వింది."