సుబ్బరావమ్మ దిష్టి తీసిన తొమ్మిది రోజులు

ఏ పిల్ల తలనొప్పి అని మూలిగినా ఆ ఊళ్ళో తల్లులు సుబ్బరావమ్మ గడపే తొక్కేవారు. ఆవిడ గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు వస్తే ఉత్త తలనొప్పి, రాకపోతే దిష్టి. చాలామందికి మర్నాటికల్లా తగ్గేది కూడా. ఎండలో ఆడి, నీళ్ళు తాగక, నిద్ర చాలక వచ్చే నొప్పులు వాటంతట అవే పోతాయి మరి! పేరు మాత్రం సుబ్బరావమ్మకొచ్చింది. ఆవిడా కాదనలేదు.

పోయిన మార్చిలో, కల్లాల్లో మిర్చి ఎండుతుండగా, పదేళ్ళ మనవరాలు అన్విత తల పట్టుకుంది. పొద్దున లేస్తూనే నొప్పి, ఆ వెంటనే వాంతి. పదింటికల్లా సర్దుకునేది.

"అత్తయ్యా, గుంటూరు తీసుకెళ్దామా?" అని కోడలు నాగజ్యోతి భయంభయంగా అడిగింది.

"చాల్లే! మిర్చి ఘాటు పడలేదు దానికి, పైగా దిష్టి. ఊరందరి పిల్లలకీ నేను తీసి, నా పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నలుగురూ నవ్విపోరూ?"

తొమ్మిది రోజులు దిష్టి తీసింది. పదో రోజు పొద్దున అన్విత పాలగ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకుంది. "రెండు గ్లాసులు కనిపిస్తున్నాయి నాయనమ్మా" అంది. సుబ్బరావమ్మే పరుగున వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది.

నొప్పి ఏ వేళప్పుడు వస్తోందని గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందుగా అడిగింది. లేస్తూనే వాంతితో వచ్చే నొప్పి, రోజురోజుకీ పెరిగే నొప్పి, చూపు తేడా, నడకలో తూలడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకి దెబ్బ తగిలాక మొదలయ్యే నొప్పి, ఇందులో ఏ ఒక్కటున్నా ఆగకూడదంది. స్కానింగులో తలలో గడ్డ కనపడింది. ఆపరేషన్ చేశారు. పిల్ల దక్కింది. ఎడమకంటి చూపు మాత్రం మసకగానే మిగిలిపోయింది.

"ముందే తెచ్చుంటే ఆ కన్నూ బాగుండేదేమోనమ్మా" అంది డాక్టరమ్మ.

వానాకాలంలో ఎదురింటి నసీమున్నీసా కొడుకుని ఎత్తుకొచ్చింది. "పెద్దమ్మా, వీడికి తలనొప్పి. కాస్త దిష్టి తియ్యవా?"

"ఎప్పుడొస్తోంది?"

"పొద్దున్నే. రెండ్రోజుల్నించీ లేస్తూనే కక్కుతున్నాడు."

"ఆటో ఎక్కు, నేనూ వస్తా."

"ఒక్కసారి తిప్పు పెద్దమ్మా, నీ చెయ్యి మంచిది."

"మంచి చెయ్యా!" సుబ్బరావమ్మ గొంతు లేచింది. "అన్వితని తొమ్మిది రోజులు ఆపింది ఈ చెయ్యేనే! దాని కన్ను పోవడానికి నేనే కారణం."

అంతవరకూ ఇంట్లో ఎవరితోనూ అనని మాట అది. లోపల చదువుకుంటున్న అన్విత బయటికొచ్చి నాయనమ్మ చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.