కొంగు పోగుతో కుట్టిన కూపన్లు

మా చిన్నప్పుడు కూపన్లు ఉండేవి సుజీ... నిన్న నా పోస్టు కింద, అందరి ముందూ, "కూపన్లు మా ఫోన్లతోనే పుట్టాయి అమ్మమ్మా" అని రాశావు. నీ ఫోను కంటే అవి యాభై ఏళ్లు పెద్దవి. కాస్త గౌరవించు.

పాల్వంచలో మా నాన్న పనిచేసే కంపెనీ నెలకో కూపన్ల పుస్తకం ఇచ్చేది. కందిపప్పు, చక్కెర, మంచినూనె... ఒక్కో సరుకుకు ఒక్కో చీటీ. చీటీ ఉంటే కంపెనీ స్టోరులో బజారు కంటే బాగా చవక. నెల దాటితే మాత్రం అది చిత్తుకాగితమే.

ఆ రోజు నెలాఖరు. నాన్న పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. అమ్మ పురిటి మంచం మీద ఉంది. పుస్తకం, సంచులు, నూనె డబ్బా నా చేతిలో పెట్టి, "పన్నెండుకు స్టోరు బంద్. జల్దీ పో. చీటీలు పైలం" అంది. బజారు ధరకు కొనే స్తోమత మాకు లేదు. సంచులు ఖాళీగా వస్తే, కొత్త పుస్తకం చేతికి వచ్చేదాకా చారునీళ్లే... బాలింతకు కూడా.

నేను ఆరో తరగతి. క్లాసులో నీట్‌నెస్‌కు బహుమతి తెచ్చుకున్నదాన్ని. నా వంతు వచ్చాక ఆలస్యం కాకూడదని, వరుసలో నిలబడే పద్నాలుగు చీటీలనూ చిల్లుల గీత వెంబడి చక్కగా చింపి, దొంతరగా పేర్చి కౌంటరు మీద పెట్టాను. మెచ్చుకుంటాడేమోనని గుమాస్తా మొహం కూడా చూశాను.

"ఎవలు చింపిన్రు?"

"నేనే సార్."

"నువ్వే చింపితే నేనెందుకు ఈడ? పుస్తకంల ఉన్నదాన్ని నా చేత్తోని చింపాలె. విడి చీటీలు నడువయ్. పక్కకు జరుగు."

ఆ నిబంధన పుస్తకం అట్ట మీదే అచ్చేసి ఉంది. క్లాసు పుస్తకాలన్నీ చదివినదాన్ని, దాన్ని మాత్రం చదవలేదు. గోడ గడియారంలో పదకొండున్నర. నా వెనక వాళ్ల సంచులు నిండుతున్నాయి... నేను చీటీలు గుప్పిట్లో పట్టుకుని ఏడుపు లంకించుకున్నాను.

అప్పుడు వరుసలోంచి ఖాజాబీ వచ్చింది. మా పక్క క్వార్టరే. కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఆమె పైటకు ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉండేది.

"ఏడ్వకు బేటీ. నంబర్లు చదువు."

చీటీ మీద ఉన్న నంబరే పుస్తకంలో మిగిలిన ముక్క మీదా ఉంటుంది. స్టోరు మెట్టు మీద కూర్చుని నేను చదివాను, ఆమె కుట్టింది. చీటీకి మూడు కుట్లు. తొమ్మిదో చీటీ దగ్గర దారం అయిపోయింది... తన చీర కొంగు నుంచి పోగు లాగింది. వెనక షట్టరు సగం దిగిన చప్పుడు.

ఖాజాబీ దాని కింద నుంచి దూరి పుస్తకం కౌంటరు మీద పెట్టింది.

"ఇదేందమ్మా, లాగు అనుకున్నవా కుట్టనీకి?"

"పుస్తకంల ఉండాలంటివి, ఉన్నయ్. నీ చేత్తోనే చింపాలంటివి... చింపు సాబ్."

ఆయన నంబర్లన్నీ వేలు పెట్టి చూశాడు. ఒకచోట ఆగాడు. తర్వాత గొణుక్కుంటూ మొదటి చీటీ లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు.

"గింత గట్టిగ కుట్టినవేందమ్మా!"

చివరికి కత్తెర తెప్పించుకున్నాడు.

నిండిన సంచులు అమ్మ మంచం పక్కన దింపాను. చీటీల సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పుడే చెప్పడం.

ఈ రోజుల్లో గడువు దాటితే ఫోనులో ఎర్ర అక్షరాలు వస్తాయి, అంతే. గొణిగే గుమాస్తా లేడు, కొంగు పోగు లాగే పక్కింటావిడా లేదు... పోట్లాడటానికైనా మనిషి కావాలి కదా! మీరూ ఇలాంటి తెలివైన పనులు చేసి ఉంటే కింద రాయండి. నా ఒక్కదాని పరువే పోవడం న్యాయం కాదు.

సుజీ, నువ్వు ముందు లే. నీ నూనె కూపన్ గడువు ఇవాళ్టితో సరి. రెండు ప్యాకెట్లు పట్రా. ఖాజాబీ కూతురు షబానా పాత పాల్వంచలో ఇప్పటికీ మిషన్ కుడుతోంది. తెల్ల దారం రీలు ఒకటి కొని ఆమెకు ఇచ్చి రా. ఎందుకని అడిగితే ఇది చదివి వినిపించు.

రీలు పెద్దది కొను. దానికి కూపన్ వెతకకు.