లైన్‌లో దగ్గింది నేనే

పోలీసు చర్య జరిగి అప్పటికి ఐదారేళ్లయింది. నాంపల్లిలో ఒక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో నేను సూపర్‌వైజర్‌ని. వేరే ఊళ్లకు కాల్స్ కలిపే ఏడుగురు అమ్మాయిలు నా కింద పనిచేసేవారు. అందరూ "అక్కా" అని పిలిచేవారు. డ్యూటీ దిగాక ఆబిడ్స్‌లో బస్సు దాకా కలిసి నడిచేవాళ్లం. నా అంత మంచి సూపర్‌వైజర్ లేదని నాకు లోలోపల గర్వం.

ఆపరేటర్లు లైన్ మీద సొంత కబుర్లు చెప్పుకుంటున్నారని ఒకరోజు ఆఫీసరు చిరాకుపడ్డాడు. వాళ్లకు తెలియకుండా విని, పేర్లు రాసిమ్మన్నాడు. కాదనే ధైర్యం లేక సరేనన్నాను.

మధ్యాహ్నం నా బల్ల దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ ఏడుగురిలో ఒకతైన సరళ లైన్ కలుపుకున్నాను. అవతల వరంగల్ ఆపరేటర్, "జర మెల్లగ మాట్లాడవే, మీ సూపర్‌వైజర్ వింటదేమో" అంటోంది.

సరళ నవ్వింది. "మా అక్క గట్లాంటిది కాదు. వినాల్నంటే ఎదురుంగ వచ్చి నిలబడి వింటది. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆపుకోలేక దగ్గాను.

నాలుగు కుర్చీల అవతల సరళ తల తిప్పి నన్ను చూసింది.

"ఎవరే అది?" అంది వరంగల్ అమ్మాయి.

సరళ నా మీది చూపు తీయకుండానే, "ఎవరు లేరు. లైన్ల ఏదో గడబిడ ఉంది" అంది.

ఆఫీసరుకు నేను ఒక్క పేరూ రాసివ్వలేదు. సరళ కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్లకు నేను ఎప్పటిలాగే అక్కనే. సరళకు మాత్రం మర్నాటి నుంచి "మేడం"నయ్యాను.

వాళ్ల నమ్మకం తప్ప నాకు వేరే పెద్దరికం లేదని అప్పుడు తెలిసింది. రిటైరైన రోజున అందరూ నన్ను తెగ పొగిడారు. ముందు వరసలో కూర్చున్న సరళ చప్పట్లు కొడుతుంటే, నేను తలెత్తలేకపోయాను.