మరి ఐసెక్కడిది?

మా జాలరిపేట మలుపులో మందుల షాపు నడిపే పెద్దాయన పోయారని మొన్న పొద్దున్న ఆటో అతను చెబితే నేను నమ్మలేదు. ఆయనే ఉంటే, "ఎవరు సెప్పారు? నువ్వు సూసొచ్చావా?" అని అడిగేవారు. వెళ్లి చూశాను. షట్టరు దించి ఉంది. దానికి ఆయన ఫొటో కట్టి దండ వేశారు.

అంత అనుమానపు మనిషిని నేను చూడలేదు. తలనొప్పి బిళ్ళ అడిగినా సరే, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఎవరికి, ఎన్నాళ్ల నుంచి, ఇంకేం మింగుతున్నారు అని ఆరా తీసేవారు. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని తెమ్మనేవారు. ఎవరైనా ముఖం మాడ్చుకుంటే, "నాను మిమ్మల్ని అనుమానించట్లేదమ్మా, బిళ్ళని అనుమానిత్తన్నాను" అనేవారు. చాలామంది విసుక్కుని పై రోడ్డు షాపుకి పోయేవారు. నాకూ ఒళ్లు మండేది.

మా అమ్మకి రొమ్ము క్యాన్సరు. ఇంట్లోనే మింగే బిళ్ళలు రాశారు డాక్టరమ్మ. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం ఆపాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఆపడమే నాకు నచ్చలేదు. ఖాళీ ఇస్తే రోగం తిరగబెడుతుందేమోనని నా అనుమానం. పోర్టులో గుమస్తాని, నాలుగు ముక్కలు చదివినవాణ్ణి, నా మాటంటే అమ్మకి వేదం. "ఆపొద్దే అమ్మా" అన్నాను. ఆపలేదు.

ఆరు వారాలకని ఇచ్చిన బిళ్ళలు నాలుగో వారానికే అయిపోయాయి. మళ్లీ ఇమ్మని వెళ్తే పెద్దాయన బిల్లు పుస్తకం తిరగేసి నా ముఖంలోకి చూశారు.

"అప్పుడే ఎలాగయిపోయాయి తమ్ముడూ?"

"ఏసుకుంటే అయిపోవా? మందెట్టుకుని ఇవ్వనంటారేటి?"

"అమ్మని తీసుకురా. సూసి ఇత్తాను."

మేం బిళ్ళలు బయట అమ్ముకుంటున్నామని అనుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. నలుగురిలో గట్టిగా అరిచాను. ఇంకెవరి కోసమో దాచారని కూడా అన్నాను. ఆయన బిళ్ళలు మాత్రం ఇవ్వలేదు. చేసేది లేక అమ్మని ఆటోలో తీసుకొచ్చాను.

స్టూలు మీద కూర్చోబెట్టి, "సేతులు సాపమ్మా" అన్నారు. అమ్మ అరచేతులు ఎర్రగా కమిలి, పొరలు ఊడుతున్నాయి.

"ఐసు బాబూ," అంది అమ్మ. "సేపలమ్ముకునే సేతులు ఇంతే."

ఇంట్లో మేమూ అదే అనుకున్నాం. మా పేటలో ఐసుకీ ఉప్పుకీ పగలని ఆడవాళ్ల చేతులు ఎక్కడున్నాయి?

"బుట్టెత్తి ఎన్నాళ్లయింది?"

"రెండు నెల్లు."

"మరి ఐసెక్కడిది?"

అమ్మ నా వైపు చూసింది. ఆయన పాదాలు కూడా చూశారు, విరేచనాల సంగతి అడిగారు. రోజుకి ఐదారు సార్లట, నాకు చెప్పనే లేదు. అక్కడి నుంచే డాక్టరమ్మకి ఫోన్ చేశారు. బిళ్ళలు ఆపి వెంటనే తీసుకురమ్మన్నారు ఆవిడ. చేతులు ఊడుతున్నది ఆపకుండా వేసుకున్న బిళ్ళల వల్లేనని, ఇంకో వారం అలాగే మింగించి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని ఆసుపత్రిలో చెప్పారు. మింగించింది నేనే.

తిరిగొచ్చాక పెద్దాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అమ్మతోనే చెప్పారు. "ఏటా రెండు నెల్లు సంద్రంలో ఏట ఆపుతారు కదమ్మా, గుడ్లెట్టి సేపలు పెరగాలని. ఒంటిక్కూడా ఆ వారం అలాగే." అప్పట్నుంచి ఆపాల్సిన రోజులు మా క్యాలెండరులో ఆయనే ఎర్ర పెన్నుతో గీసిచ్చేవారు. ఆయన్ని క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, వినడానికి ఆయన లేరు.

అమ్మ బాగుంది. ఇప్పుడు రోజుకి ఒక్కటే బిళ్ళ. నిన్న అవి అయిపోతే పై రోడ్డు షాపుకి తీసుకెళ్లాను. కౌంటరులో అతను చీటీ చూసి, బిళ్ళలు కవర్లో వేసి ముందుకు తోసి, వెనకున్నవాళ్లని పిలిచాడు. అమ్మ ఆ కవరు ముట్టుకోలేదు.

"నన్నేటీ అడగవేటి బాబూ?" అంది.

అతను అర్థంకాక నా వైపు చూశాడు. అమ్మ కౌంటరు పట్టుకుని అలాగే నిలబడింది.