ఫ్యాను కింద పాఠకులు

ఆదోనిలో ఒక నర్సింగ్ కాలేజీ ఆసుపత్రి లైబ్రరీ పదకొండేళ్ళు నా చేతిలో ఉండేది. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి, స్టాండు దగ్గర ఉగ్గాని తిని, గది తాళం తీసేదాన్ని. వేరే ఎవరూ లేరు కాబట్టి ఊడ్చేదీ నేనే, పెత్తనం చేసేదీ నేనే. రెండోది కాస్త ఎక్కువే చేసేదాన్ని.

వైద్య పరిశోధనలు వెతికి నర్సులకు అందించడం నా ఉద్యోగం. "మా పెద్ద సిస్టర్ ఇట్లే చేస్తాదక్కా" అని ఏ అమ్మాయైనా నోరు జారితే అయిపోయినట్టే. "రుజువేది? పరిశోధనలో ఏముందో చూసినావా?" అని నిలబెట్టి క్లాసు పీకేదాన్ని. నేను వరండాలో వస్తుంటే కొందరు దారి మార్చుకునేవాళ్ళు. గౌరవం అనుకున్నాను.

ఒక ఏప్రిల్‌లో ప్రిన్సిపల్ మేడమ్ కబురు పెట్టారు. కూర్చోమని కూడా అనలేదు.

"మందులు పెట్టుకునేకి చోటు సాలడం లేదు. నీ గది తీసుకుందామనుకుంటున్నా. నీ లైబ్రరీ వల్ల ఎవరికేం మేలయిందో రుజువు చూపించు, మానుకుంటా."

నా గది! కానీ నా దగ్గర రిజిస్టరు ఉంది. వచ్చినవాళ్ళంతా సంతకం పెట్టాల్సిందేనని పట్టుబట్టి రాయించిన రిజిస్టరు. తెచ్చి, పోయిన ఏప్రిల్, మే పేజీలు తిప్పి చూపించాను. సంతకాలు కిక్కిరిసి ఉన్నాయి.

"ఎండాకాలం వచ్చిందంటే పిల్లలకు చదువు మీద ధ్యాస పెరుగుతుంది మేడమ్" అన్నాను, నమ్మకంగా.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయిన సమయానికి మేడమ్ నేరుగా లైబ్రరీకి వచ్చారు. కంప్యూటర్ల కోసం మా గదికి ఇన్వర్టర్ ఉంది. కరెంటు ఉన్నా లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది. దాని కింద తొమ్మిదిమంది పాఠకులు ఉన్నారు. ఏడుగురు నిద్రపోతున్నారు. ఒకమ్మాయి శరీరశాస్త్రం పుస్తకాన్ని తలకింద పెట్టుకుంది. ఇంకొకామె మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్దుతోంది. మేడమ్ ముక్కు మీద వేలేసుకుని, "బాగా చదువుతాండారు" అని వెళ్ళిపోయారు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, సరిగ్గా అది నా సంగతి. ఊరందరినీ రుజువడిగే నేను, నా పనికి రుజువు ఏమిటని ఒక్కనాడూ ప్రశ్నించుకోలేదు. ఆ రోజు మొదటిసారి నా వృత్తి మీద జరిగిన పరిశోధనలు తెరిచాను. ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదట. దొరికిన సమాచారంతో వాళ్ళు ఏం చేశారు, దానివల్ల ఏం మారింది, అది అడగాలట.

సరే, అడుగుదామని వార్డుల మీద పడ్డాను. "లైబ్రరీ మీకు బాగా ఉపయోగపడుతోంది కదా?" అని ప్రతి ఒక్కరినీ అడిగాను. అందరూ "అవునక్కా" అన్నారు. గంటలో నలభై అవునులు పోగయ్యాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

కాన్పుల వార్డులో ఒక పెద్ద నర్సు ఉంది. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. నేను అవునులు రాసుకున్న కాగితం చూసి పకపకా నవ్వింది.

"ఏం తల్లీ, పెండ్లికొడుకు తల్లి వచ్చి నా కొడుకు బాగున్నాడా అంటే, ఎవరన్నా లేదంటారా? అట్లుంది నీ ప్రశ్న."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇట్లా అడగకూడదని ముందురోజే చదివాను కూడా. ఆ నలభై అవునులూ చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి లైబ్రరీ మాటే ఎత్తలేదు. "పోయినసారి నీకు పనిలో అనుమానం వచ్చినప్పుడు ఏం చేశావు?" అన్నాను. కొందరు ఫోన్‌లో చూశామన్నారు. ఇంకొందరు పక్కనామెను అడిగామన్నారు. లైబ్రరీకి వచ్చామని ఒక్కరూ అనలేదు.

చివరికి మళ్ళీ పెద్ద నర్సు దగ్గరికే పోయాను.

"నాకా? అప్పుడెప్పుడో పసిబిడ్డల బొడ్డు సంగతి నిన్ను కదా అడిగినా! ఆస్పరి నుంచి వచ్చిన ముసలామె ఆముదం గిన్నె పట్టుకొని కూసున్నాది. మన నర్సు పిల్లలేమో పౌడరు సల్లుతాండారు. రెండిట్లో ఏది మేలో నాకే తెలీక నిన్ను అడిగితి. ఏమీ పుయ్యొద్దు, శుభ్రంగా, పొడిగా పెడితే సాలని కాగితం ఇచ్చినావు. ఆ దినం నుంచి మా వార్డులో పౌడరు బంద్."

నేను మర్చేపోయాను! సంతోషంతో ఆమెను వాటేసుకున్నాను. రుజువు దొరికింది, గది దక్కింది అనుకుంటూ మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది. ఆమె నన్ను అడిగింది టీ బంకు దగ్గర. నేను కాగితం ఇచ్చింది వార్డు గుమ్మంలో. ఆమె నా గది గడప తొక్కనే లేదు.

మేడమ్‌కు అంతా చెప్పాను. ఆమె విని, "మరి నువ్వు సదివిన వాటిల్లో ఏముంది? ఏం చెయ్యమంటారు?" అన్నారు.

అవి చదివింది ఆసుపత్రి మొత్తం మీద నేనొక్కదాన్నే. గది అట్లే ఉంచమన్నారని చెప్పేస్తే అడిగే దిక్కులేదు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ అబద్ధం.

"లైబ్రరీ మనిషి వార్డులో ఉంటే ఎక్కువ మేలంటున్నారు మేడమ్" అన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఏడ్చాను, దాచడమెందుకు.

ఇప్పుడు నా బల్ల కాన్పుల వార్డు పక్కన ఉంది. ఫ్యాను లేదు. మొదటి వారంలోనే, ఆ గదిలో ఏడాదికి కూడా రానన్ని ప్రశ్నలు వచ్చాయి. పొంగిపోయి, ఒక నర్సమ్మాయిని సరదాగా అడిగాను, ఇన్నేళ్ళూ ఇట్లాంటి అనుమానం వస్తే ఏం చేసేదానివే అని.

"ఏం చేస్తామక్కా," అంది ఆ పిల్ల, బిడ్డ గుడ్డ మడుస్తూ, "ఏదో ఒకటి చేసేసేవాళ్ళం."